టోకెన్ మెషీను ముందు నిలబడ్డవాళ్ళు

పోయిన నెల మా వీధిలో ఉండే టీచరమ్మ కూతురు మా ఇంటికి వచ్చింది. బెంగళూరులో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో డిజైనరుగా చేరబోతోంది. "ఆంటీ, అందరికీ పనికొచ్చే డిజైన్ అని ఏదో టీములో వేసినారు. ఏం చదువుకొని పోవాల?" అని అడిగింది. నాకు తెలిసిన పుస్తకాలు రెండు చెప్పి, కాఫీ ఇచ్చి పంపించాను. ఆ పిల్ల వెళ్ళాక నాకే బాగనిపించలేదు. నేను ఆ పని పుస్తకాల్లో నేర్చుకోలేదు. కొందరు మనుషులు ఓపిగ్గా నేర్పారు. వాళ్ళ ఊసెత్తకుండా పుస్తకాల పేర్లు చెప్పడం అన్యాయం. అందుకే ఇది రాస్తున్నాను.

ఫోన్లోనో కంప్యూటర్లోనో ఏ బటన్ ఎక్కడ ఉండాలి, దాని మీద ఏ మాట రాయాలి, నొక్కితే ఏం జరగాలి అని తేల్చడం మా పని. దాన్ని ఇప్పుడు యూఎక్స్ అంటున్నారు. చూపు లేనివాళ్ళు, వినపడనివాళ్ళు, చదువు రానివాళ్ళు, చెయ్యి వణికేవాళ్ళు కూడా వాడగలిగేలా తేల్చితే అది ఇన్‌క్లూసివ్ డిజైన్. మేం మొదలుపెట్టినప్పుడు ఈ పేర్లేవీ మాకు తెలియవు. "స్క్రీన్లు గీసేవాళ్ళు" అనేవారు మమ్మల్ని. ఆ పేరే నాకు ఇప్పటికీ ఇష్టం.

ప్రమోషన్లు, జీతాలు ఇందులో ఉండవు. వాటి గురించి చెప్పేవాళ్ళు చాలామంది ఉన్నారు.

గని పటాల నుంచి

మా నాన్న గని ఆఫీసులో గుమాస్తా. నేను అదే గని డ్రాయింగ్ ఆఫీసులో ట్రేసరుని. భూమి లోపలి సొరంగాల పటాలను పలచటి బట్ట మీదికి నల్ల సిరాతో ఎత్తి రాయడం నా ఉద్యోగం. గీత వెంట్రుకవాసి పక్కకు జరిగితే మళ్ళీ మొదటి నుంచి గీయాలి. కోలార్ గోల్డ్ ఫీల్డ్స్‌లో గనులు మూసేసేనాటికి నాకు ముప్పై దాటాయి. ఊరంతా ఒక్కసారిగా ఏం చెయ్యాలో తెలియకుండా నిలబడిపోయింది. మా ఆయన రాబర్ట్‌సన్‌పేటలో స్కూలు మాస్టరు కాబట్టి మా ఇంట్లో పొయ్యి వెలిగింది. చాలా ఇళ్ళలో అలా కాదు.

బేకరీ పైన ఉన్న కంప్యూటర్ సెంటర్లో బొమ్మలు గీయడం నేర్చుకున్నాను. క్లాసులో నాకంటే పదేళ్ళు చిన్న పిల్లలు ఉండేవాళ్ళు. వాళ్ళకు కంప్యూటర్ బాగా వచ్చు, నాకు గీత బాగా వచ్చు. ఆ గీతను చూసే బెంగళూరులో ఒక చిన్న కంపెనీవాళ్ళు నన్ను తీసుకున్నారు. ఇక అక్కడి నుంచి రోజూ తెల్లవారకముందే రైలు. మా ఊళ్ళో సగం మంది ఆ రైల్లోనే ఉండేవారు. కొందరు నిద్ర, కొందరు పేకాట, కొందరు పూలు కట్టుకోవడం. నా చదువులో ఎక్కువ భాగం ఆ రైల్లోనే జరిగింది. ఎలాగో తర్వాత చెప్తాను.

మౌస్ పీకేసిన సార్

మా బాసు జయరామ్ గారు మదనపల్లె మనిషి. ముందే చెప్తున్నాను, ఆయన దేవుడు కాదు. కోపం వస్తే అందరి ముందూ అరిచేవాడు. లీవు అడిగితే మొహం అదోలా పెట్టేవాడు. ఆడపిల్లలు ఏడున్నరకు ఇంటికి బయలుదేరితే గడియారం చూసేవాడు. ఆ చివరిదాని మీద నేను ఆయనతో రెండుసార్లు గొడవ పడ్డాను, రెండోసారి నెగ్గాను. అయినా ఇవాళ ఎదురుపడితే కాళ్ళకు దండం పెడతాను.

చేరిన కొత్తల్లో ఒక బ్యాంకు కోసం దరఖాస్తు స్క్రీను గీశాను. ముద్దుగా వచ్చింది. లేత నీలం మీద ఇంకా లేత బూడిదరంగు అక్షరాలు. సార్ వచ్చి చూశాడు. వంగి నా కంప్యూటర్ వెనకనుంచి మౌస్ పీకి, తన సొరుగులో వేసుకున్నాడు.

"ఇంగ నింపమ్మా దీన్ని," అన్నాడు.

"మౌస్ లేకుండా ఎట్ల సార్?"

"కీబోర్డు ఉండాది కదా."

ట్యాబ్ మీట నొక్కితే ఒక గడి నుంచి ఇంకో గడికి పోవాలి. నా స్క్రీన్లో పేరు గడి నుంచి ఒక్క దూకు దూకి అడుగున ఉన్న 'పంపించు' బటన్ మీదికి పోయింది. అక్కడినుంచి పైకి. ఆ తర్వాత అసలు ఎక్కడ ఉందో కనపడలేదు. చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వడం మొదలుపెట్టారు.

"ఇప్పుడు యాడుండావో తెలస్తా ఉండాదా?"

"లేదు సార్."

"నేను స్కూటర్ మింద నుంచి పడి కుడిచెయ్యి విరగ్గొట్టుకున్నప్పుడు ఇట్లాంటి స్క్రీన్లతోనే బతికినానమ్మా. ఎవడు గీసినాడో గానీ, వాణ్ణి రోజూ తిట్టుకున్నా. నిన్ను ఎవురూ అట్ల తిట్టుకోకూడదు."

సాయంత్రానికి ఆ స్క్రీను మౌస్ లేకుండా నడిచేలా మార్చాను. లేత బూడిదరంగు అక్షరాలను నల్లగా చేశాను. మౌస్ తిరిగి ఇచ్చాడు గానీ, మెచ్చుకోలేదు. ఆయనకు మెచ్చుకోవడం రాదు. ఇప్పటి పిల్లలకు ఒక మాట చెప్తాను. మీరు గీసిన ప్రతిదాన్నీ మౌస్ పీకేసి ఒకసారి నడిపి చూడండి. ఒక పూట పని. ఎన్ని పుస్తకాలు చదివినా ఇంత త్వరగా బుద్ధి రాదు.

వసంత చెవులు

వసంతది ముళబాగిలు దగ్గర ఆవని. వాళ్ళ నాన్న పట్టుపురుగులు పెంచే రైతు. కాలేజీలో ఉండగా జబ్బు చేసి ఆమెకు చూపు పోయింది. చదువు ఆపలేదు. తెర మీద ఉన్నదాన్ని చదివి వినిపించే సాఫ్ట్‌వేర్ సాయంతో డిగ్రీ పూర్తిచేసి, మా కంపెనీలో టెస్టరుగా చేరింది. పెళ్ళయ్యాక బంగారుపేటలో కాపురం. అందుకని నా రైలే ఎక్కేది. నేను నా పక్కన తనకు సీటు పట్టి ఉంచేదాన్ని.

నా స్క్రీన్లు మొదటిసారి ఆమె దగ్గరికి వెళ్ళిన రోజు బాగా గుర్తుంది. ఆమె చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని వింటోంది. నేను పక్కన కూర్చుని ఆమె మొహం చూస్తున్నాను. కాసేపటికి ఒక ఇయర్‌ఫోన్ తీసి నా చెవిలో పెట్టింది.

"బటన్. బటన్. బటన్. బటన్. బొమ్మ. బొమ్మ. బటన్."

నేను ప్రతి బటన్ మీదా మాటకు బదులు చక్కటి బొమ్మ వేశాను. చూపున్నవాళ్ళకు ఇల్లు బొమ్మ కనిపిస్తే ఇంటికి పోవాలని తెలుస్తుంది. ఆ సాఫ్ట్‌వేర్‌కు బొమ్మలు తెలియవు. లోపల పేరు రాసి పెడితేనే అది చదువుతుంది. నేను ఏ పేరూ రాయలేదు.

"అక్కా, ఏడు తలుపులుండే ఇంట్లో నిలబెట్టినావు నన్ను," అంది వసంత. "ఒక్క తలుపు మీదైనా ఏముండాదో చెప్పలేదే?"

తిట్టినట్టు అనలేదు. పెద్దగా నవ్వింది. నేనూ నవ్వాను, కానీ చెవులు వేడెక్కాయి. ఆ రోజు నుంచి రైల్లో నాకు పాఠం మొదలైంది. ఆమె లాప్‌టాప్ ఒళ్ళో పెట్టుకునేది, చెరొక చెవిలో ఒక ఇయర్‌ఫోన్. నేను కళ్ళు మూసుకోవాలి. టికెట్ బుక్ చెయ్యాలి, వార్త వెతకాలి, మెయిలు పంపాలి. మొదట్లో ఆ గొంతు చదివే వేగం నాకు గాలివాన లాగా వినిపించేది. ఆమెకు అది మామూలు మాటే. చాలా నెలలు పట్టింది నాకు. బంగారుపేటలో దిగేటప్పుడు "రేపు సొంతంగా చెయ్యాల అక్కా" అని హోంవర్కు చెప్పి మరీ దిగేది.

ఒకటి గమనించండి. కళ్ళు మూసుకుని కాసేపు కూర్చుంటే చూపులేని మనిషి బతుకు తెలిసిపోయిందనుకోవద్దు. నేను ఒకసారి అలాంటి మాట అంటే వసంతకు కోపం వచ్చింది. "నీకు తెలిసింది చీకటి అక్కా. నేను ఉండేది చీకట్లో కాదు, నా ఇంట్లో," అంది. ఆ తర్వాత నేను ఊహించడం మానేసి అడగడం నేర్చుకున్నాను.

పిల్లల వార్డు ముందు మునియప్ప

ఇక అసలు సంగతికి వస్తాను. మా ఊరికి దగ్గర్లో ఉన్న ఒక ధర్మాసుపత్రి మా కంపెనీకి పని ఇచ్చింది. అక్కడ ఓపీ చీటీల కోసం పొద్దున్నే పెద్ద క్యూ ఉండేది. చుట్టుపక్కల పల్లెల నుంచి బస్సుల్లో, పాల వ్యాన్లలో వచ్చేవాళ్ళు. నిలబడి నిలబడి కళ్ళు తిరిగి పడిపోయినవాళ్ళు ఉన్నారు. అందుకని మేనేజరు ఒక టోకెన్ మెషీను కావాలన్నాడు. రోగి తెర మీద వేలితో నొక్కి, భాష, జబ్బు విభాగం, వయసు చెప్తే చీటీ వస్తుంది. ఆ చీటీతో నేరుగా డాక్టరు గది ముందుకు పోయి కూర్చోవచ్చు.

స్క్రీన్లు నేను గీశాను. ఈసారి అక్షరాలు పెద్దవి, రంగులు స్పష్టం. ఎవరూ నొక్కకుండా అర నిమిషం గడిస్తే తెర మళ్ళీ మొదటికి వచ్చేలా టీములో అందరం కలిసి నిర్ణయించాం. ఒకరు సగంలో వదిలి పోతే వెనకవాళ్ళు ఇబ్బంది పడకూడదని మా ఉద్దేశం. ఒక వారం ప్రయోగంగా చీటీలిచ్చే కౌంటరు మూసి, మెషీను ఒక్కటే నడిపారు. మెషీను రోజూ పంపే రిపోర్టు చూసి ఆఫీసులో స్వీట్లు పంచారు. వచ్చినవాళ్ళలో దాదాపు అందరికీ టోకెన్లు అందాయి.

ఆ ఆదివారం నీళ్ళ ట్యాంకరు దగ్గర గంగమ్మ కనిపించింది. ఆమె భర్త మునియప్ప గనిలో డ్రిల్లరుగా చేసినవాడు. గని ఇళ్ళ వరసల్లో మా పక్క లైన్లోనే ఇల్లు. నేను లంగా వేసుకునే నాటి నుంచి ఆయనకు నేను 'పాప'నే. ఒక పేలుడులో కుడిచేతి వేళ్ళు రెండు పోయాయి. రాతిదుమ్ము ఊపిరితిత్తుల్లో చేరి నాలుగు అడుగులు వేస్తే ఆగాలి.

"మీ మెషీను వచ్చినాక మా ఆయన ఆస్పత్రికి పోనంటా ఉండాడు పాపా," అంది గంగమ్మ. "యాల అంటే చెప్పడు. నువ్వైనా అడుగు."

బిందెలు అక్కడే పెట్టి ఆమె వెంట వెళ్ళాను. మునియప్ప గడప మీద కూర్చుని ఉన్నాడు. అడిగితే మొదట మాట మార్చాడు. మళ్ళీ అడిగితే ఊపిరి తీసుకుంటూ, ఆగుతూ చెప్పాడు.

"ఏం చెప్పేది పాపా. అది ఒకటి అడగతాది. నేను చూసేలోపల మళ్ళీ మొదటికి వచ్చేస్తాది. మూడుసార్లు అట్లనే. ఎనక జనం. నిలబడలేక దాని మిందనే చెయ్యి ఆనించినా. ఏమేమి నొక్కుకున్నాదో, చీటీ వచ్చేసింది. తీసుకొని పోయి, వాళ్ళు చూపిచ్చిన తావున కూర్చున్నా. నా నంబరు పిలిచినారు. పోతే నర్సమ్మ 'తాతా, బిడ్డ యాడ?' అన్నాది. అది పిల్లల డాక్టరు అంట. అందురూ నగినారు."

"మరి నువ్వు?"

"నేనూ నగినా. లేసి ఇంటికొచ్చేసినా. నా తప్పే పాపా. నాకు చదువు రాదు కదా."

ఆయన నిలబడటానికి ఆధారం కావాలి, అందుకు తెర మీద చెయ్యి పెట్టాడు. ఆ చెయ్యి కింద పిల్లల విభాగం బటన్ ఉంది. మెషీను దృష్టిలో ఆయన చక్కగా టోకెన్ తీసుకున్న మనిషి. మేం స్వీట్లు తిన్న రిపోర్టులో ఆయన కూడా ఉన్నాడు.

అప్పటికప్పుడు ఆయన్ను బతిమాలాను, మర్నాడు నేనే తీసుకువెళ్తానన్నాను. "చూద్దాంలే" అన్నాడు. ఆయన మందు అప్పటికే అయిపోయింది, ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. మర్నాడు పొద్దున నేను వెళ్ళేసరికి ఆయన్ను ఆటోలో ఎక్కిస్తున్నారు. పెదవులు నీలంగా ఉన్నాయి. గంగమ్మ ఆయన వీపు నిమురుతోంది. ఆ రోజు ఆఫీసుకు పోలేదు. ఆక్సిజన్ పెట్టాక మధ్యాహ్నానికి కళ్ళు తెరిచి, "పాపా, రైలు పోయినట్టుందే నీకు," అన్నాడు. ఆయన బతికాడు. ఈ కథను నేను కృతజ్ఞతతో చెప్పగలుగుతున్నది అందుకే.

మీటింగు

ఆ వారంలోనే ఆస్పత్రిలో మీటింగు. కౌంటరును శాశ్వతంగా ఎత్తేయాలా అన్నది అందులో తేలాలి. బల్ల చుట్టూ ఉన్నవాళ్ళలో నేనే అందరికంటే కొత్తదాన్ని. మునియప్ప సంగతి ముందురోజు జయరామ్ గారికి చెప్పాను. ఆయన విని, "రేపు నువ్వే చెప్పు" అని మాత్రం అన్నాడు.

చెప్పాను. మేనేజరు చెడ్డవాడు కాదు. క్యూలో మనుషులు పడిపోవడం చూడలేకే ఈ మెషీను తెప్పించాడు. అందుకే ఆయనకు నా మాట కష్టంగా తోచింది.

"ఇంతమందికి బాగా పనిచేస్తా ఉండాది. ఒక ముసలాయన తప్పు నొక్కితే మెషీనుది తప్పా అమ్మా?"

"ఒక్కరో కాదో మనకు తెలీదు సార్. తప్పు గది ముందు కూర్చున్నా రిపోర్టులో బాగున్నట్టే వస్తుంది," అన్నాను.

అందరూ జయరామ్ గారి వైపు చూశారు. కంపెనీకి రావాల్సిన డబ్బు మేనేజరు సంతకం మీదే ఆధారపడి ఉంది. ఆయన కుర్చీ వెనక్కి జరిపి లేచాడు.

"ఇక్కడ కూర్చొని కొట్లాడేది వద్దు సార్. కిందికి పోయి మెషీను పక్కన కూర్చుందాం. ఎవురికీ ఏమీ చెప్పొద్దు, సాయం చెయ్యొద్దు. చూద్దాం."

కూర్చున్నాం. చంకలో బిడ్డ ఉన్న ఒక తల్లి, బిడ్డ కాళ్ళు తెరకు తగులుతుంటే మళ్ళీ మళ్ళీ మొదటికి పోయింది. ఒక పెద్దాయన తెర ముందు నిలబడి, పక్కనున్న కుర్రాణ్ణి "నువ్వే నొక్కప్పా" అన్నాడు. ఆ కుర్రాడు "ఏం జబ్బు?" అని గట్టిగా అడిగాడు. పెద్దాయన చుట్టూ చూసి, తగ్గు గొంతుతో ఏదో అబద్ధం చెప్పాడు. అది అబద్ధమని ఆయన మొహంలోనే తెలిసిపోయింది. వినపడని ఒక అమ్మాయి, నంబరు పిలుస్తున్నా తెలియక అలాగే కూర్చుంది. ఆమె వంతు దాటిపోయింది.

మేనేజరు కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "కౌంటరు తెరవమను," అన్నాడు పక్కనున్న గుమాస్తాతో. ఆ తర్వాత మా వైపు తిరిగి, "మళ్ళీ గీయండి. ఈసారి ఇక్కడే కూర్చొని గీయండి," అన్నాడు.

ఆలస్యమైనందుకు మా ఓనరు జయరామ్ గారిని గదిలోకి పిలిచి గట్టిగానే మాట్లాడాడట. ఆ విషయం ఆయన నాకు ఎన్నడూ చెప్పలేదు, వేరేవాళ్ళు చెప్తే చాలాకాలానికి తెలిసింది. ఆయన మీద నాకున్న ఫిర్యాదులన్నీ పక్కన పెట్టించినది అదే.

అట్టముక్కల పాఠం

మళ్ళీ గీసేటప్పుడు కంప్యూటర్ తెరవలేదు. అట్టపెట్టెలు కత్తిరించి, వాటి మీద బటన్లు గీసుకుని మనుషుల దగ్గరికి పోయాను. మొదట మునియప్ప దగ్గరికే. అప్పటికి లేచి గడప మీద కూర్చుంటున్నాడు.

"ఎట్లుండాది మామా?" అని అట్ట చూపించాను.

"నువ్వు గీసినావా? బాగుండాది పాపా."

ఇంకో అట్ట చూపించాను. అదీ బాగుందన్నాడు. కావాలనే తలకిందులుగా పట్టుకుని మూడోది చూపించాను. "ఇది ఇంకా బాగుండాది," అన్నాడు. లోపలినుంచి గంగమ్మ పకపకా నవ్వింది.

అప్పుడు తెలిసింది, 'ఎలా ఉంది' అని అడగకూడదని. మనమంటే ఇష్టమున్నవాళ్ళు మనల్ని నొప్పించరు. పని చెప్పి నోరు మూసుకోవాలి. "మామా, నువ్వు ఆయాసం డాక్టరు దగ్గరికి పోవాల. యాడ నొక్కతావు?" అన్నాను. ఆయన అట్టను చాలాసేపు చూశాడు. ఊపిరితిత్తుల బొమ్మ మీద వేలు పెట్టి, "ఇది మాంసం అంగడి కదా?" అన్నాడు. ఆ బొమ్మకు నేను రెండు రోజులు కష్టపడ్డాను. తీసేసి, ఛాతీ పట్టుకుని దగ్గుతున్న మనిషిని వేశాను. 'శ్వాసకోశ విభాగం' అన్న మాట తీసేసి 'దగ్గు, దమ్ము, ఆయాసం' అని రాశాను. అర నిమిషం గడువు తీసేసి, ఎవరూ నొక్కకపోతే "ఇంకా టైము కావాలా?" అని మెషీను అడిగేలా పెట్టాం. తెరను కిందికి దించి, ముందు పట్టుకోవడానికి ఒక కమ్మీ, పక్కన ఒక కుర్చీ వేయించాం. మాటలు తెలుగులో, కన్నడలో, తమిళంలో వినిపిస్తాయి. నంబరు పిలవడంతో పాటు గది ముందు బోర్డు మీద పెద్దగా వెలుగుతుంది.

కౌంటరు మాత్రం ఎత్తేయలేదు. అందుకు నేను చాలా పోట్లాడాను. మునియప్ప ఆ తర్వాత ఎన్నో ఏళ్ళు బతికాడు, కానీ కొత్త మెషీను ఎంత బాగున్నా కౌంటరు దగ్గరికే పోయేవాడు. ఎందుకని అడిగితే, "ఆ అమ్మాయి బాగుండావా తాతా అంటాది. మీ మెషీను అనదు," అన్నాడు. నాకు కొంచెం చివుక్కుమంది. ఆ తర్వాత ఆయన చెప్పింది నిజమేననిపించింది. అందరూ మన మెషీనే వాడాలని పట్టుబట్టేవాడు ఈ పనికి తగడు.

ఇయర్‌ఫోన్ రంధ్రం

ఆఖరిగా వసంత సంగతి. కొత్త మెషీను దాదాపు సిద్ధమయ్యాక, దానికి ఇయర్‌ఫోన్ పెట్టుకునే రంధ్రం, చూపులేనివాళ్ళు తడిమి నొక్కే నాలుగు గట్టి మీటలు కావాలంది వసంత. మీటలకు అందరం ఒప్పుకున్నాం. రంధ్రానికి ఒక్కరూ ఒప్పుకోలేదు. నేను కూడా.

"స్పీకర్ ఉండాది కదా వసంతా. ఆస్పత్రికి ఇయర్‌ఫోన్లు ఎవరు తెచ్చుకుంటారు? దుమ్ము పట్టి చెడిపోతుంది."

"స్పీకర్లో చెప్తే ఆస్పత్రి మొత్తం వింటాదక్కా," అంది.

"వింటే ఏమవుతుంది?"

ఆమె మెట్టు దిగలేదు. వారం రోజులు జయరామ్ గారి బల్ల ముందు నిలబడి వాదించింది. చివరికి ఆయన, "పెట్టండమ్మా, ఈ పిల్ల నన్ను నిద్రపోనిచ్చేట్టు లేదు," అన్నాడు. పెట్టాం.

చాన్నాళ్ళకు ఒక శనివారం, నాకు సెలవు. పదకొండు దాటాక ఎవరో తలుపు తట్టారు. తీస్తే వసంత. చేతికర్రతో, ఒక్కతే. ఆమె ఎప్పుడూ మా ఇంటికి ఒంటరిగా రాలేదు. అత్తగారో ఆడపడుచో వెంట ఉండేవారు. ఆఫీసు రైలు ఎక్కించేదీ వాళ్ళే. మంచివాళ్ళే, ఆమెను కాలు కింద పెట్టనిచ్చేవాళ్ళు కాదు.

"ఎవరితో వచ్చినావు?"

"ఎవురూ లేరక్కా. నీళ్ళియ్యి ముందు."

గ్లాసు నీళ్ళు గటగటా తాగి, సోఫాలో వెనక్కి వాలి కూర్చుంది. మొహంలో ఏదో వెలుగు. ఆస్పత్రికి పోయి వస్తున్నానంది.

"ఇంతకుముందు రెండుసార్లు కడుపొచ్చి నిలబడకుండా పోయినాది నీకు తెలుసు కదా. రెండుసార్లూ డాక్టరమ్మ నాకు చెప్పలేదక్కా. నా పక్కన మా అత్త ఉంటే ఆమె మొహం చూసి ఆమెకే చెప్పింది. 'మీ కోడలికి ఇట్లయింది' అని. నేను అక్కడే కూర్చోనుండా. వీధిలో అందురికీ తెలిసినాక నాకు తెలిసేది. ఈసారి అనుమానం వచ్చినాక ఎవురికీ చెప్పలేదు. స్నేహితురాలి ఇంటికి పోతా ఉండానని చెప్పి రైలెక్కినా."

మెషీను దగ్గరికి చేతికర్రతో తడుముకుంటూ పోయిందట. ఇయర్‌ఫోన్ పెట్టుకుంది. 'ఆడవాళ్ళ డాక్టరు' అని చెవిలో వినిపించగానే మీట నొక్కింది. వెనక క్యూలో నిలబడ్డవాళ్ళకు ఆమె ఏ డాక్టరు దగ్గరికి పోతోందో తెలియదు. "ఎడమవైపు మూడో గది" అని చెప్పింది మెషీను. కర్ర తాటిస్తూ పోయి కూర్చుంది. నంబరు పిలిచారు. లోపల డాక్టరమ్మ అటూ ఇటూ చూసి, "తోడు ఎవరూ రాలేదా?" అని అడిగిందట.

"ఎవురూ రాలేదమ్మా, ఏమున్నా నాకే చెప్పండి అన్నాను. పరీక్ష చేసినాది. వచ్చి నా చెయ్యి పట్టుకొని నాకే చెప్పినాదక్కా. మూడో నెలంట. గుండె కొట్టుకునేది వినిపిచ్చినాది."

పైట కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నిలబడిపోయాను. ఆ రంధ్రం వద్దని వాదించినవాళ్ళలో నేనూ ఒకదాన్ని.

"ఏడస్తా ఉండావా అక్కా?"

"లేదే."

"నాకు వినిపిస్తా ఉండాది," అని నవ్వింది.

అన్నం తిని పొమ్మంటే వినలేదు. నాలుగు ముద్దలు బలవంతం చేసి పెట్టాను. స్టేషను దాకా తోడొస్తానని చెప్పులు వేసుకోబోతే నా చెయ్యి పట్టుకుని ఆపింది.

"వద్దక్కా. ఇంగా ఎవురికీ తెలీదు, నీకు తప్ప. ఇంటికి పోయి మా ఆయనకు నేనే చెప్పాల. దోవంతా ఆ మాట నా దగ్గరే ఉండనీ."

గుమ్మం దిగి, కర్రతో అంచు తాటించి చూసుకుని, ఎండలో నెమ్మదిగా నడిచి వెళ్ళింది. వీధి మలుపు దాటేదాకా చూస్తూ నిలబడ్డాను. ఆమెకు తొందరేమీ లేదు.